కొండ మీద ఊడుపు

ఊడుపుల రోజుల్లో దాలమ్మ కోసం ఆమదాలవలస చుట్టుపక్కల రైతులు ముందుగానే కబురు పెట్టేవారు. ఆమె నాటిన నారు చావదని పేరు. ఎండాకాలంలో మాత్రం కొండెక్కి సుగంధిపాల వేర్లు తవ్వి వైద్యులకు ఇచ్చేది.

1967 వేసవిలో విశాఖపట్నంలో వృక్షశాస్త్రం చదువుకుంటున్న నీలవేణి ఆ వేర్ల కోసమే వచ్చింది. సగం వేరు తవ్వుకుని సగం మట్టిలో వదిలేస్తే వానలకు తీగ మళ్ళీ వస్తుందా? వస్తే, ఏటా అంతమేర తవ్వుకోవచ్చని అటవీశాఖకు రాసిస్తుంది. ఇద్దరూ కలిసి కొండవాలున ఒక చెక్క నేలను అలాగే తవ్వారు.

"చూస్తూ ఉండు పిన్నీ. చెయ్యి మాత్రం పెట్టకు" అని చెప్పి వెళ్ళింది నీలవేణి.

వానలు పడ్డాయి. తీగలు అక్కడక్కడా లేచాయి. మిగతాదంతా బోడినేల. మర్నాడు నీలవేణి వస్తుందని కబురందగానే దాలమ్మకు మనసు మనసులో లేదు. పిల్ల రైలెక్కి ఇంతదూరం వచ్చి ఇదా చూసేది? పొలంలో నారు చచ్చిన చోట మళ్ళీ నాటకుండా ఎవరూరుకుంటారు? కొండ అవతల నుంచి తీగలు వేర్లతో పెకలించి తెచ్చి, ఖాళీలన్నీ నింపేసింది. రాత్రి వానకు మట్టి సర్దుకుంది.

పొద్దున్నే ఆ చెక్క చూసి నీలవేణి దాలమ్మను వాటేసుకుంది. "దాదాపు అన్నీ బతికాయి పిన్నీ! ఈ కొండలన్నిటా ఏటా సగం తవ్వుకోవచ్చని రాసేస్తాను."

దాలమ్మ వెంట వచ్చిన తోటికోడలు గున్నమ్మ నవ్వింది. "మా దాలమ్మ సెయ్యి తగిల్తే రాయైనా సిగురేస్తాది."

దాలమ్మ తను నాటిన తీగల వైపు చూసింది. పిల్ల రాసింది నమ్మి అందరూ తవ్వితే కొండకి ఏటి మిగుల్తాది?

"అమ్మీ, అవి రాలేదు. నానే నాటినాను."

"ఓలమ్మ! కొండ మీద ఊడుపు ఊడిసినావేటే!" అంది గున్నమ్మ.

నీలవేణి నవ్వలేదు. కోప్పడనూ లేదు. "నాటినవి ఏవి?" అని మాత్రం అడిగింది.

దాలమ్మ వంగి ఒక్కొక్కటే పీకసాగింది. తలెత్తలేదు. ఒకటి గట్టిగా పట్టుకుని రానంది. లాగింది. వేసవిలో తాము కోసిన పాతవేరు, దాని మీద కొత్త మొలక, రెండూ చేతిలోకి వచ్చాయి.

"ఇంక వద్దు పిన్నీ. ఏది నాటిందో, ఏది దానంతటదే వచ్చిందో తేలదు. ఈ చెక్క పనికిరాదు. వచ్చే ఏడు ఇంకోచోట మొదలెట్టాలి" అంది నీలవేణి.

ఆ పనికి తనను పిలుస్తావా అని దాలమ్మ అడగలేకపోయింది.