ఒక అబద్ధం దాచిన నడక

ఈ ప్రయాణం గురించి రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ నేను నాందేడ్ నుంచి తిరిగి వచ్చిన కొద్ది రోజులకే దాని మీద రెండు కథలు ఫోన్లలో తిరగడం మొదలైంది. ఉమ్రి దగ్గర ఒక టీచరు పిల్లలకు విషపు ఆకు తినిపించిందని ఒక కథ. నిజామాబాదు నుంచి వచ్చిన ఒక ముసలావిడ లేనిపోని అనుమానంతో పిల్లల నోటి దగ్గరి కూర పారబోయించిందని ఇంకో కథ. ఆ ముసలావిడ నేనే. తమ పిల్లలను అలాంటి నడకలకు పంపాలా వద్దా అని అడుగుతున్న తల్లులు ఈ రెండు కథల్లో ఏదో ఒకటి నమ్మేలోపు, అక్కడ జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం నా బాధ్యత అనిపించింది.

నేను జాకెట్లు కుట్టి బతుకుతాను. పదో తరగతి తర్వాత బడికి పోలేదు. కానీ గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ మా పేట గ్రంథాలయంలోనే గడిపాను. అక్కడ మొక్కల పుస్తకాలున్న అర మొత్తం చదివాను, కొన్ని రెండేసి సార్లు. ఈ సంగతి మా ఇంటిల్లిపాదికీ తెలుసు. అందుకే నాందేడ్‌లో ఉండే మా చెల్లెలి కూతురు లావణ్య, తన కూతురు ఆరోహి గురించి నాకు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, ఆరోహి ఇంటెనక ఏదో పిచ్చాకు తెంపుకొచ్చి కూర జెయ్యమని ఒకటే లొల్లి. మా అత్తమ్మ భయపడి పారబోసింది. ఇంక ఆ నడకకు పోవుడే బంద్ అంటున్నరు ఇంట్ల."

"ఏం నడకే?"

"రేఖ తాయి, అంటే రేఖక్క, అని ఒక టీచరు ఉంది. ఆదివారం ఆదివారం పిల్లలను తీస్కపోయి అడివి మొక్కలు చూపిస్తది. పైసలు గూడ తీసుకోదు."

పైసలు తీసుకోదన్న మాట దగ్గరే నాకు అనుమానం మొదలైంది.

"నువ్వు గిన్ని బుక్కులు చదివినవు గదా. ఒక్కసారి అచ్చి వాళ్లెంబడి పోయి చూడు. నువ్వు వద్దంటే మానిపిస్తం. పోనియ్యమంటే ఇంక ఎవ్వరు అడ్డం జెప్పరు," అంది లావణ్య. "బడిల నోరు తెరవని పిల్ల పెద్దమ్మా, ఆదివారం సాయంత్రం మాత్రం ఆపకుండ మాట్లాడుతది," అని గొంతు తగ్గించింది.

శనివారం పొద్దున నిజామాబాదులో రైలెక్కాను. తొలకరి వానలు పడి రెండు మూడు వారాలైంది. జనరల్ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. బాసర వంతెన మీద అందరూ గోదావరికి దండం పెట్టుకుంటుంటే నేను మాత్రం ఒడ్డున ఏం మొలిచిందో చూస్తూ కూర్చున్నాను. నా ఎదురుగా ధర్మాబాదుకు పోతున్న ఒక మిరపకాయల వ్యాపారి కూర్చున్నాడు. ఎక్కడికి, ఎందుకు అని అడిగి అంతా విన్నాడు.

"ఫుకట్‌ల తీస్కపోతదా? అయితే ఏందో ఉంటది అమ్మా," అన్నాడు. "ఇయ్యాల రేపు మూలికలకు మస్తు గిరాకి. పిల్లలతోని ఏరిపిస్తుండచ్చు."

"నాకూ అదే అనుమానం," అన్నాను.

"సంచి చూడుండ్రి. పొయ్యేటప్పుడు ఖాళీ, అచ్చేటప్పుడు నిండుగ ఉందనుకో, సమజైపాయె," అని చెప్పి ధర్మాబాదులో దిగిపోయాడు. కర్ఖేలి, ఉమ్రి, ముద్ఖేడ్ దాటి నాందేడ్ చేరేదాకా ఆ సంచి మాటే నా తలలో తిరిగింది.

స్టేషన్ నుంచి షేర్ ఆటోలో లావణ్య ఇంటికి చేరాను. అన్నం తినగానే ఆరోహి నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయింది. తొమ్మిదేళ్ల పిల్ల. గోడవారగా జానెడెత్తు మొలిచిన మొక్కను చూపించి, "ఇది తెలుసా అమ్మమ్మా?" అంది.

"తంటెం. మీ దిక్కు తరోటా అంటరు. లేత ఆకు వండుకుంటరు."

"మరి నానమ్మ పిచ్చాకు అని పారబోసింది!" ఆ పిల్ల మొహం వెలిగింది. వెంటనే గొంతు తగ్గించింది. "నీకో సంగతి చెప్తా. రేపు రేఖ తాయి ఒక అబద్ధం చెప్తది."

"ఏంది?"

"ప్రతి నడకల ఒక్క అబద్ధం చెప్తది. గంతే, ఒక్కటే. ఇంటికి మర్లే లోపట మేము పట్టుకోవాలె. పెద్దోళ్లకు తెలిసినా చెప్పొద్దు. పట్టుకుంటే గెలిచినట్టు."

పిల్లలకు అబద్ధాలు చెప్పే టీచరు గురించి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ రాత్రి లావణ్య అత్తగారు గంగాబాయి వక్కలు కత్తిరిస్తూ, "చూస్తివా అక్కా, నేనేం ఊరికే అంటలేను," అంది. నేను ఆమెకు అడ్డం చెప్పలేదు.

ఆదివారం ఏడు దాటాక ప్యాసింజరు బండిలో బయలుదేరాం. పన్నెండు మంది దాకా పిల్లలు. రేఖ తాయికి ముప్పై అయిదేళ్లుంటాయి. పుట్టింది కర్ఖేలిలో. పిల్లలతో మరాఠీ తెలుగు కలిపి, నాతో తెలుగు, టీసీతో హిందీ ఒకే ఊపిరిలో మాట్లాడింది. ఆమె భుజాన ఒక పెద్ద గుడ్డసంచి వేలాడుతోంది. ఖాళీగా.

"సంచి ఎందుకమ్మా?" అన్నాను.

"చెత్తకు," అంది. నేను నమ్మలేదు.

ఉమ్రిలో దిగి, స్టేషన్ బయట చాయ్ తాగి, ఊరు దాటి సోయా చేలల్లోంచి నడిచాం. ఇటు వచ్చేవాళ్లకు ఒక మాట: వానకాలంలో మడమ కప్పే బూట్లు వేసుకోండి. నల్లరేగడి బురద చెప్పులను వదలదు. నేను రెండుసార్లు చెప్పును చేత్తో పీకాల్సి వచ్చింది.

కొంత దూరం పోగానే ఒక రైతు దారికి అడ్డంగా నిలబడ్డాడు. పేరు మారుతి అని తర్వాత తెలిసింది.

"ఎవరు మీరు? ఎవరి పోరగాండ్లు వీళ్లు? ఎటు తీస్కపోతున్నరు?"

"నాందేడ్ పిల్లలు కాకా. ఆకులు, చెట్లు చూపిస్తున్న," అంది రేఖ తాయి.

"ఆకులు జూడనీకి గింత దూరం అస్తరా?" అతను ఆమె వైపు కాకుండా నా వైపు చూశాడు. "నువ్వు చెప్పమ్మా. ఈమె ఎవరో నీకు తెలుసా?"

"ఇయ్యాల పొద్దుగాలనే కలిసిన. నేనూ చూడనీకే అచ్చిన," అన్నాను.

"అయితే మంచిగ చూడు," అని పక్కకు జరిగాడు. "నా గట్టు మీద మొలిచింది ఏదన్న తెంపుకోండ్రి. సోయా తొక్కిన్రో, బాగుండదు."

నడక మాత్రం బాగుందని చెప్పాలి. పిల్లలు గడ్డి చేమంతి పువ్వు విప్పి చూశారు. అత్తిపత్తి ముడుచుకునేటప్పుడు ఏ వైపు నుంచి ముడుచుకుంటుందో బొమ్మ గీశారు. దారిలో దొరికిన ప్లాస్టిక్ కాగితాలు ఏరి ఆ గుడ్డసంచిలో వేశారు. సంచి నిండుతూ వచ్చింది. మిరపకాయల వ్యాపారి అనుమానం అక్కడికి తీరింది. నాది తీరలేదు. ఆమె చెప్పే ప్రతి మాటనూ నేను చదివిన దానితో సరిచూసుకుంటూ నడిచాను. పిల్లలు కూడా ఆమె నోటివైపే కళ్లు చిన్నవి చేసుకుని చూస్తున్నారు. ఓంకార్ అనే పిల్లవాడు ప్రతి మాటకూ "ఖరేచ్ కా?" అని మరాఠీలో అడుగుతున్నాడు. నిజమేనా అని.

మారుతి గట్టు దగ్గరికి వచ్చాం. పొడవునా పచ్చగా తరోటా. మధ్యాహ్నం జొన్నరొట్టెల్లోకి అదే కూర. రేఖ తాయి ఒక మొక్క పీకి చూపించి, గుర్తులు చెప్పి, దూరం దాకా చెయ్యి ఊపింది.

"అటు కొసదాక అంత తరోటానే. లేత చివుర్లు తెంపుండ్రి."

ఆమె చేతిలోది తరోటానే. గట్టు కొసదాకా మాత్రం కాదు. నేను పదడుగులు ముందుకు పోయి చూశాను. తరోటా నడుమ నడుమ కసివింద కలిసి మొలిచింది. దూరం నుంచి రెండూ ఒకే పచ్చదనం. దగ్గరికి పోతే తరోటా ఆకు గుండ్రంగా, మూడు జతలుగా ఉంటుంది. కసివింద ఆకు కొస సూదిగా ఉంటుంది, జతలు ఎక్కువ. కసివింద గింజలు పిల్లల ప్రాణం మీదికి తెస్తాయని చదివాను. లేత ఆకు సంగతి నాకు కచ్చితంగా తెలియదు. తెలియనిది పిల్లల నోట్లో పెట్టకూడదని మాత్రం తెలుసు.

పిల్లలను ఆపుదామని వెనక్కి తిరిగాను. మరుక్షణం, ఇదే ఈ రోజు అబద్ధం అనిపించింది. పిల్లలు పట్టుకోవాలని కావాలనే చెప్పింది. తిండి విషయంలో ఇంత ప్రమాదకరమైన ఆటా అని కోపం వచ్చింది. అయినా పెద్దవాళ్లు చెప్పకూడదన్నారు కదా అని నోరు మూసుకున్నాను. లోపల మరో ఆలోచన కూడా ఉంది. ఎంతవరకు పోనిస్తుందో చూద్దాం, సాయంత్రం లావణ్యకు చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి అని.

పిల్లలు చివుర్లు తెంపి చిన్న సంచులు నింపుకున్నారు. గట్టు చివర టేకు మొక్కలున్నాయి. రేఖ తాయి ఒక లేత ఆకు పట్టుకుని, "దీన్ని నలిపితే చేతులు పచ్చగ అయితయి," అంది.

ఓంకార్ వెంటనే ఆకు తెంపి అరచేతుల మధ్య నలిపాడు. చేతులు ఎర్రగా, పారాణి పెట్టినట్టు అయ్యాయి.

"అబద్ధం! తాయి, అబద్ధం దొరికింది!"

పిల్లలందరూ ఆకులు నలిపి ఎర్రటి చేతులు పైకెత్తి గంతులేశారు. రేఖ తాయి చెవులు పట్టుకుని గుంజీ తీసింది. "అరే, దొరికిపోయిన! గెలిచిండ్రు పో. రండ్రి, ఇంక కూర చేస్కుందాం."

ఆమె బావి పక్కన షెడ్డు నీడలో చిన్న గ్యాస్ పొయ్యి వెలిగించింది. పిల్లలు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఇంక ఎవరూ ఎవరినీ అనుమానించడం లేదు. అబద్ధం ఒక్కటే ఉంటుంది, అది దొరికింది, మిగతాదంతా నిజం.

అప్పుడు తట్టింది నాకు. టేకు మాటే అబద్ధమైతే, కసివింద మాట అబద్ధం కాదు. ఆమె నిజమనుకునే చెప్పింది.

మూకుడులో నూనె కాగుతోంది. నేను లేచి పొయ్యి ఆర్పాను.

"ఏమైంది అమ్మా?"

"ఈ సంచులల్ల కసివింద ఉంది."

రేఖ తాయి నవ్వు ఆగిపోయింది. ఆమె కంటే ముందు ఆరోహి మాట్లాడింది. నా మనవరాలే, నడుం మీద ఎర్రటి చేతులు పెట్టుకుని నిలబడింది.

"అమ్మమ్మా, ఇది నీ అబద్ధమా?"

"కాదే."

"అబద్ధం చెప్పెటోళ్లు గూడ కాదే అంటరు," అన్నాడు ఓంకార్. పిల్లలందరూ నా మొహంలోకి చూశారు. వాళ్లు అలా చూడటం నాకు నొప్పిగానే ఉంది.

"నన్ను నమ్మకుండ్రి. ఆకు చూడుండ్రి," అన్నాను. సంచిలోంచి రెండు రెమ్మలు తీసి ఆరోహి ముందు పెట్టాను. ఏది ఏదని చెప్పలేదు. ఆ పిల్ల నేల మీద కూర్చుని ఆకుల కొసలు వేలితో తడిమింది. జతలు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"తాయి, ఇవి రెండు ఒక్కటి గావు," అంది.

రేఖ తాయి వచ్చి చూసింది. ఒక్కో సంచీ గుడ్డ మీద కుమ్మరించి వెతికింది. కసివింద దొరుకుతూనే ఉంది. అడుగున నలిగిన చివుర్లలో ఏది ఏదో చెప్పడం ఎవరి వల్లా కాలేదు. ఆమె మొత్తం గుడ్డ ఎత్తి గట్టు అవతల పారబోసింది.

"ఇయ్యాల కూర లేదు. పల్లికారం ఉంది, దాంతోనే తినుండ్రి."

"ఇదివరకు ఈ గట్టు మీద తెంపి తిన్నరా?" అని అడిగాను. నా గొంతు పోలీసు గొంతులా వినిపించింది.

"లేదమ్మా, ఈ గట్టుకు ఇదే మొదలు. నేను దూరం కెళ్లి చూసి చెప్పిన. మా అమ్మ ఉంటే వీపు పగలగొట్టేది." ఆమె మట్టిలోకి చూస్తూ కూర్చుంది. "నా అబద్ధం నేను లెక్కపెట్టుకున్న. తప్పు లెక్కపెట్టుకోలే."

రొట్టె నములుతూ ఓంకార్ అడిగాడు: "తాయి, మరి మేము గెలిచినట్టా, ఓడినట్టా?"

"ఇయ్యాల అందరం ఓడినం. అచ్చే ఆదివారం నుంచి ఎన్ని అబద్ధాలో చెప్ప. ఒకటుండచ్చు, రెండుండచ్చు, ఒక్కటి గూడ లేకుండచ్చు. కూర మాత్రం, ప్రతి ఆకు ఇద్దరు చూస్తేనే పొయ్యి మీదికి."

ఉమ్రిలో తిరుగు రైలెక్కాం. నాందేడ్ దాకా ఆరోహి, నేను ఇంట్లో ఏం చెబుతానో అని నా వైపు దొంగచూపులు చూస్తూ కూర్చుంది. ఇల్లు చేరాక లావణ్య, గంగాబాయి ఇద్దరూ నా ముందు కూర్చున్నారు. కసివింద సంగతి దాచకుండా చెప్పాను.

"అయితే బందే గదా అక్కా," అంది గంగాబాయి.

"పోనియ్యి," అన్నాను. "తప్పు జరిగింది. ఆమె దాన్ని పిల్లల ముందట ఒప్పుకుంది. అంతకన్నా, నేను ముసల్దాన్ని, అమ్మమ్మ వరుసదాన్ని, నేను చెప్పినా నీ మనవరాలు ఆకు చూసినంక గని నమ్మలేదు. అది ఆ నడకలనే నేర్చుకుంది."

తలుపు వెనక నుంచి ఎర్రటి చెయ్యి ఒకటి కనబడి మాయమైంది.

సోమవారం మధ్యాహ్నం బండికి బయలుదేరాను. స్టేషన్‌లో ఆరోహి చిన్న స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది.

"ఇంటెనక తరోటా. పొద్దుగాల నేను తెంపిన, నానమ్మ గూడ చూసి వండింది. మూడు జతలు ఉన్నయే తెంపిన. నమ్మితే తిను."

కర్ఖేలి దాటాక డబ్బా తెరిచాను. వండిన ఆకుకు కొస ఉండదు, జత ఉండదు. నేను చదివిన ఏ పుస్తకమూ ఇక్కడ పనికిరాదు. పక్క సీటావిడ, "ఏం కూర అక్కా?" అని తొంగి చూసింది. కాసేపు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గోదావరి వంతెన మీదికి రాకముందే మొత్తం తినేశాను. కొంచెం చేదుగా, వెల్లుల్లి వాసనతో బాగుంది.

ఆ నడకలకు పిల్లలను పంపవచ్చు. మొదటిసారి మీరూ వెంట పోండి, అనుమానంగానే పోండి. నా వరకు నేను కొందరికి రుణపడి ఉన్నాను. నా మాట అడిగిన లావణ్యకు, తన భయాన్ని పక్కనపెట్టి పొయ్యి వెలిగించిన గంగాబాయికి, దారిలో మమ్మల్ని నిలదీసిన మారుతికి, కూర పారబోసిన రేఖ తాయికి, "ఖరేచ్ కా" అని అడగడం మానని ఓంకార్‌కు నా కృతజ్ఞతలు. చివరగా ఆరోహికి, నన్ను కూడా ఊరికే నమ్మనందుకు.