రంగమ్మ తిరిగి ఇచ్చిన సీసా

మా ఊరివాళ్లెవరూ లేని ఈ గ్రూపులో ఎప్పుడూ రాయని నేను, ఇంట్లో చెప్పుకోలేక ఈ రోజు రాస్తున్నాను. ఏటా మా ద్రాక్షతోట కాపుతో కొంచెం వైన్ చేసి, ఈస్టర్‌కు ఇరుగుపొరుగుకు పంచుతాం. ఈసారి బోరు ఎండిపోయింది, తీగలు బతికేలా లేవు. అయినా పోయిన కాపుతో చేసిన వైన్ సీసాల్లో పోసి పంచాను. సాయంత్రం పక్కింటి రంగమ్మ తనకిచ్చిన సీసా నిండా నీళ్లు తెచ్చింది.

"ఇదేంది రంగమ్మా?"

"ఉత్త సీసా ఎట్లిచ్చేదక్కా? ఇంట్లో బెల్లం ముక్క గూడా లేదు. ట్యాంకరు నీళ్లే ఉండాయి. నీ తీగకు పొయ్యి."

"మరి మీకు తాగేకి?"

"రేపొస్తాదిలే ట్యాంకరు."

అదెప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వద్దనలేక, ప్రార్థన చేసుకుని ఒక తీగ మొదట్లో పోశాను. నేల తడిసినట్టే కనిపించలేదు.

మీరైతే ఏం చేసేవారు? ఇది మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరికీ చూపకండి. రంగమ్మ ఇంట్లో ఏమీ లేదని ఊరికి తెలియకూడదు.