తప్పించాల్సిన చెట్లు

మలుపు దగ్గర లారీ అడ్డంగా ఆగి ఉంది. టేపు మాస్టారు డ్రైవరును నాలుగు దులుపుదామని జీపు దిగి, దుంగల వైపు చూసి అక్కడే ఆగిపోయారు. అడుగున ఉన్న దుంగకు తెల్ల గీత ఉంది. ఆ గీత గీసింది తానే.

ప్రభుత్వ అడవిలో ఏ చెట్టు కొట్టాలో, ఏది ఉంచాలో తేల్చడం ఆయన ఉద్యోగం. మెడలో టేపు, చేతిలో రంగు డబ్బా, ఇరవై ఆరేళ్లుగా అదే వేషం. "పెళ్లైన కొత్తలో నన్నూ చుట్టుకొలిచి నంబరు వేస్తాడేమోనని హడలిపోయా" అంటుంది భార్య. నిజానికి హడలేది ఆయనే. ఏటవాలు మీద చెట్లు పోతే వానకు కొండ జారుతుంది. అలాంటి జారుడులోనే ఆయన బావ మట్టిలో కలిసిపోయాడు. అందుకే ఈసారి కూలీల గుడిసెలకు పైనున్న నలభై చెట్లకు గీతలు గీసి, ఉత్తర్వులో రాశారు: "గీత ఉన్నవాటిని తప్పించాలి."

"వీటినెవరు కొట్టమన్నారయ్యా?"

"మీరేగా మాస్టారూ! మేస్త్రీ మీ కాగితం చదివి వినిపించాడు. తప్పించడమంటే తీసిపారెయ్యడమే కదా. మా తమ్ముణ్ణి ఉద్యోగంలోంచి తప్పించారు, అంటే ఉంచారనా?"

మాట చిత్రమైన సరుకు. శిక్ష తప్పిస్తే ప్రాణం నిలుస్తుంది, పదవి నుంచి తప్పిస్తే కుర్చీ పోతుంది. ఇన్నేళ్లు కాగితాలు రాసిన మనిషికి ఆ రెండో అర్థం తట్టనే లేదు.

"ఎన్ని పడ్డాయి?"

"నేను బయల్దేరేసరికి పదకొండు. మేస్త్రీ మంచి ఊపు మీదున్నాడు. సాయంత్రానికి కొండకి బోడిగుండే!"

కొండ వెనక మబ్బు నల్లబడుతోంది. ఫోనుకు సిగ్నల్ లేదు.

"లారీ తియ్యవయ్యా!"

"టైరు పేలింది, గంట పడుతుంది. ఈలోగా టీ తాగుదురు గానీ ఉండండి."

పైనుంచి వస్తున్న రంపం మోత ఉన్నట్టుండి ఆగింది. ఆగిందంటే చెట్టు ఒరుగుతోందన్నమాట. మాస్టారు కొండవైపు చూశారు. ధబ్బుమన్న చప్పుడు లోయంతా తిరిగింది. క్షణం గడిచిందో లేదో, రంపం మళ్లీ అందుకుంది.

డ్రైవరు ఫ్లాస్కు మూతలోకి టీ వంపుకుని తిరిగేసరికి, ఆయన లారీ పక్క సందులోంచి దూరి, దారి వదిలేసి, పొదలు పట్టుకుని పైకి ఎగబాకుతున్నారు.

"మాస్టారూ, టీ!"

ఆయన వెనక్కి తిరగలేదు.