బుడిపె ఉన్నది, బుడిపె లేనిది

ఆయన కళ్లద్దాల కొట్టులో అద్దాలు అరగదీసేవాడు. దూరాన ఉన్నవి ఆయనకే సరిగా ఆనవు. అయినా యుద్ధం మొదలయ్యాక, ఆకాశాన్ని కనిపెట్టి చూసే మనిషి కోసం రక్షణ కమిటీవాళ్లు నేరుగా ఆ కొట్టుకే వచ్చారు. చూపు సంగతి చూపు అమ్మేచోటే తెలుస్తుందని వాళ్ల నమ్మకం. ఆయన కాదనలేకపోయాడు. వాటర్ ట్యాంకు మీద రేకుల గది కట్టించి, ఒక కుర్చీ, బైనాక్యులర్, టెలిఫోను, సైరన్ మీట అప్పగించారు.

పని ఒక్కటే. యుద్ధ హెలికాప్టర్ కనబడితే అది మనదో, నది అవతలివాళ్లదో పోల్చుకోవాలి. అవతలివాళ్లదైతే మీట నొక్కాలి. ఊరంతా సెల్లార్లలోకి దిగుతుంది.

చిక్కేమిటంటే రెండు దేశాలూ ఒకే కంపెనీ దగ్గర ఒకే హెలికాప్టర్ కొన్నాయి. మనది పాత రకం, వాళ్లది కొత్తది. కొత్తదానికి తిరిగే రెక్కల పైన, నడినెత్తిన, గుండ్రటి రాడార్ బుడిపె ఉంటుంది. ముక్కుకు అటూ ఇటూ బుగ్గలు కాస్త ఉబ్బి ఉంటాయి. మిగతాదంతా అచ్చుగుద్దినట్టు ఒకటే.

ఈ తేడా నేర్పడానికి కంపెనీ సేల్స్ మనిషి వచ్చాడు. మంచి మర్యాదస్తుడు. కమిటీ హాల్లో పెద్ద బొమ్మలు వేలాడదీసి, "బుడిపె ఉంటే మిత్రుడు" అని మొదలుపెట్టి నాలుక్కరుచుకున్నాడు. "క్షమించండి. మొన్ననే అవతలి ఒడ్డున ఈ పాఠం చెప్పి వచ్చాను. ఇక్కడ బుడిపె ఉంటే శత్రువు."

కమిటీ ఛైర్మన్ ముందుకు వంగాడు. "అక్కడివాళ్లు మాకన్నా చురుగ్గా ఉన్నారా?"

"మీరే చురుకండీ."

"అక్కడ ఏం చెప్పారు?"

"వాళ్లు కూడా ఇదే అడిగారండీ."

ఛైర్మన్ సంతృప్తిగా వెనక్కి వాలాడు.

అద్దాలాయన శ్రద్ధగా నేర్చుకున్నాడు. భోజనాల దగ్గర చెంచా మీద మూత బోర్లించి భార్యకు చూపించేవాడు. ఆమె మూత లాక్కుని గిన్నె మీద పెట్టేది. వాళ్ల ఇల్లు నాలుగో అంతస్తులో. ఆమె తల్లి కూడా వాళ్లతోనే ఉండేది. మోకాళ్లు అరిగిన మనిషి. ఆవిడ సెల్లారుకు దిగాలంటే కూతురి భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ తిట్టుకుంటూ దిగాలి.

మొదటిసారి నది మీద బుడిపె కనబడింది. వాళ్లదే అని ఆయన మీట నొక్కాడు. అత్తగారు మెట్ల ఆఖరి మలుపుకు చేరేసరికి, అది మనదేనని తేలింది. మన ప్రభుత్వం కూడా కొత్త రకం కొన్నదట.

"మాకెందుకు చెప్పలేదండీ?" అని అడిగాడాయన.

"శత్రువుకు తెలిసిపోదూ?" అన్నాడు ఫోన్లో సైనికాధికారి.

రెండోసారి వచ్చినదానికి బుడిపె లేదు. మనదే అని ఆయన మీట జోలికి పోలేదు. అది వీధి మీదుగా తిన్నగా వెళ్లి, ఊరిచివర ఇటుకబట్టీ పొగగొట్టాన్ని కూల్చి తిరిగిపోయింది. బట్టీకి ఆవేళ సెలవు కాబట్టి మనుషులు బతికిపోయారు. బుడిపెలు తరచూ పాడవుతుంటే అవతలివాళ్లు కొన్నిటికి పీకేశారట.

ఆ సాయంత్రం అత్తగారు అల్లుడి కోసం వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

"బాల్కనీలో బట్టలు తీస్తున్నాను. సైరన్ మోగలేదు కదా, మనవాళ్లేనని తువ్వాలు ఊపాను. లోపలివాడు కూడా చెయ్యి ఊపాడు."

"అత్తయ్యగారూ, ఇక మీదట బుగ్గలు చూస్తాను."

"చూడండి. మా అమ్మాయినీ బుగ్గలే చూసి చేసుకున్నారు. మిగతావన్నీ ఆ తర్వాతే తెలిశాయి."

"అమ్మా" అంది లోపలినుంచి కూతురు.

"మీ సైరన్‌కు దిగితే మనది. దిగకపోతే వాళ్లది. ఇక నేను దిగేది లేదు అల్లుడుగారూ. పోతే నా మంచం మీదే పోతాను."

ఆవిడ మాటంటే మాటే. కూతురు బతిమాలింది, అలిగింది, ఏడ్చింది. రాత్రి భర్త పక్కన కూర్చుని, "ఆ గొట్టం మీద పడ్డది కాస్త ఇటు పడుంటే?" అంది.  ఆయనకు ఇక నిద్ర పట్టలేదు.

మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం నది మీద మోత వినబడింది. ఆయన బైనాక్యులర్ తుడిచాడు. తన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. హెలికాప్టర్ పైసగం మబ్బులో ఉంది. బుగ్గలు అంత దూరానికి ఎవరికీ కనబడవు. మీట నొక్కి ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మ మంచం దిగనంటోంది. మీరే చెప్పండి" అని భార్య ఫోను తల్లి చెవికి ఆనించింది.

"ఈసారి ఎవరిది అల్లుడుగారూ?"

వాళ్లదే అనబోయాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మళ్లీ ఒకసారి మబ్బు వైపు చూశాడు.

"తెలీదండీ."

"తెలీదా?"

"తెలీదు అత్తయ్యగారూ. బుడిపె ఉందో లేదో కూడా తెలీదు."

"మీకే తెలీదా, కమిటీవాళ్లకు కూడా తెలీదా?"

"ఎవరికీ తెలీదు."

 అవతల మంచం కిర్రుమంది.

"అయితే దిగుతాను. మీకు బాగా తెలిసినప్పుడల్లా నా ప్రాణం మీదికొస్తోంది. అమ్మాయీ, భుజం ఇలా ఇవ్వు."

ఫోను పెట్టేయడం మరిచిపోయారు. చెప్పుల చప్పుడు, తిట్లు, తలుపు మూసిన చప్పుడు ఆయనకు వినబడ్డాయి. హెలికాప్టర్ ట్యాంకు మీదుగా పోతుంటే రేకుల గది దడదడలాడింది. అది ఏమీ చెయ్యలేదు. దక్షిణానికి తిరిగి మబ్బులో కలిసిపోయింది. కాసేపటికే రెండు దేశాల రేడియోలూ అది తమదేనని ప్రకటించాయి.

ఆయన ట్యాంకు దిగి సెల్లారుకు వెళ్లాడు. అత్తగారు పక్కింటివాళ్ల మధ్య, గోడకు ఆనుకుని, ఇంకా రొప్పుతూ కూర్చుంది. అల్లుణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది.

"రేపు కూడా తెలీకపోతే కాస్త ముందుగా చెప్పండి" అంది. "దిగడానికి టైము పడుతుంది."