ఆయప్ప వస్తాండాడు

మా మేనత్త పోయిన కబురు ఆమె పక్కింటామె తెచ్చింది. పొద్దున నేను ఉల్లిగడ్డలు తరుగుతూ ఉన్నాను. ఆమె లోపలికి కూడా రాకుండా వాకిట్లోనే నిలబడి, “పాపా, మీ అత్త ఎంత పిల్చినా పలకల్యా. తలుపు దగ్గరికేసి ఉండాది. లోపలికి పోను నాకు బెదురైతాంది. బిన్నా రా,” అంది. కమలాపురంలో మా రెండిళ్ళూ ఒకే వీధిలో ఉన్నాయి. ఆ చివర అత్తది, ఈ చివర మాది. తరుగుతున్న గడ్డ అక్కడే పడేసి పరిగెత్తాను. అత్త మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రలోనే పోయింది.

చర్చివాళ్ళు కట్టించిన ఫ్లెక్సీలో ఆమెను ధైర్యశాలి అని రాశారు. ఏడుస్తున్నదాన్ని అది చదివి నవ్వాను. అంత భయస్తురాలిని నేను ఇంకెక్కడా చూడలేదు. బల్లి అంటే భయం, ఉరుమంటే భయం, పాస్టరుగారు మోటార్ సైకిలెక్కితే ఆయన తరఫున కూడా ఈమెకే భయం. చర్చి బడిలో ఉద్యోగమంతా రెండో తరగతికే పాఠాలు చెప్పింది. మూడో తరగతి పిల్లలంటే బెదురని మామ వెక్కిరించేవాడు.

ఆ మామే నా చిన్నప్పుడు కడప నుంచి టీవీకి తగిలించే వీడియో గేమ్ కొనుక్కొచ్చాడు. వాళ్ళకు పిల్లలు లేరు. నేను పోతేనే ఆ ఇంట్లో సందడి. దాంతో వచ్చిన క్యాసెట్ మీద అన్నీ జపాను అక్షరాలు. అందులో ఒకటి తలకట్టు ఊడిన మన ‘గ’లాగా ఉందని అత్త కనిపెట్టింది. అంతకు మించి మా ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆట మాత్రం తెలిసింది. లాంతరు పట్టుకున్న చిన్న మనిషి ఒకడు సందుల్లో పడి తిరుగుతుంటాడు. వాడి చుట్టూ కొంచెం వెలుతురు, మిగతాదంతా చీకటి. రాళ్ళు తోసి దారి చేసుకుంటూ, దారిలో దొరికే చిన్న గంటలన్నీ ఏరుకుని బయటపడాలి. ఎర్ర కళ్ళ దయ్యం ఒకటి వెంటపడుతుంది. దానికి మేం పేరు పెట్టలేదు. అత్త దాన్ని పెద్దమనిషిని పిలిచినట్టు ‘ఆయప్ప’ అనేది.

“ఆయప్ప వస్తాండాడు, పరిగెత్తు పాపా,” అని నా రెక్క పట్టుకునేది. నేలమీదున్న కాళ్ళు రెండూ మంచం మీదికి లాక్కునేది. ఆయప్ప టీవీలోంచి దిగి పాదాలు పట్టుకుంటాడేమోనని నాకూ భయం వేసి, నేనూ లాక్కునేదాన్ని.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. ఏ కొత్త సందుల్లోకి దిగినా మొదటి మలుపు కుడివైపే తిప్పాలి. కొత్త ఇంట్లో కుడికాలు పెట్టినట్టన్నమాట.

“అత్తా, కుడిపక్క మూసేసుండాది. పోయిన తూరి చూసినాం గదా,” అనేదాన్ని.

“చూసినాంలే. ఎడంపక్క మొదలుపెట్టి యాడికి పోతాం? ఊరికే ఒకసారి కుడికి పోయి రా.”

ఆట కట్టిన జపాను ఆయనకు మన కుడికాలి సంగతి తెలియదు. కుడివైపు పోతే చాలాసార్లు మొండిసందే, వెనక్కి తిరిగేలోపు ఆయప్ప. మాకున్న మూడు ప్రాణాల్లో ఒకటి శకునానికే పోయేది. మిగిలిన రెండింటితో మాత్రం అత్త గొప్పగా ఆడేది. చేతులు వణుకుతూనే ఉండేవి, బొటనవేలు ఆగేది కాదు. భయం పోయేదాకా ఆగితే పని ఎప్పటికీ మొదలుకాదని, భయపడుతూనే పని చేసుకోవచ్చని నాకు చేసి చూపించింది ఆమే. ఈరోజు నేను చేసుకుంటున్న పనుల్లో సగం అట్లా చేసుకుంటున్నవే.

మామ పోయిన కొన్నేళ్ళకు షుగరు ఆమె కళ్ళలోకి దిగింది. కర్నూలులో డాక్టరు చూసి, ఉన్న చూపు నిలబడితే అదే ఎక్కువన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చుంది.

“ఆటలో మాదిరే అయింది పాపా. పక్కనుండేదే కనపడతాది,” అంది. “లాంతరు గూడా ఆరిపోతే ఎట్లనో.”

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాకూ అదే భయం. మా ఇంటికి వచ్చెయ్యమని ఎంత బతిమాలినా రాలేదు.

“నా ఇల్లు నాకు కంఠోపాఠం. మీ ఇంట్లో మంచం కోడు యాడుంటాదో, గడప యాడుంటాదో నాకేం తెలుసు? ఆడికొచ్చి బెదురుకుంటా బతకాల్నా?”

లాంతరు ఆరిపోయాక కూడా ఆదివారం ఒక్కతే చర్చికి పోయేది. దారి కాళ్ళకు తెలుసనేది. ఒక ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ ఇళ్ళకు చేరినా ఆమె రాలేదు. ఆ వారమే సిమెంటు రోడ్డు వేస్తూ, మలుపులో ఆమె కాలికి గుర్తుగా ఉండే బండరాయిని తీసేశారు. రాయి తగలకపోయేసరికి ఎటు తిరగాలో తోచక, అలవాటు కొద్దీ కుడికి తిరిగింది. అటు మిట్ట మీద తోటలున్నాయి. తోటల్లో పిట్టగోడ లేని పాత బావి ఉంది.

అటు పోతుంటే చూశామని పిల్లలు చెబితే, నేను పరిగెత్తుకుంటూ పోయేసరికి మోటారు కొట్టం గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది. రెండు చేతులూ వెనక్కి పెట్టి గోడను పట్టుకుంది. బావి ఆమె ముందే ఉంది. ఉలిక్కిపడి ఎక్కడ అడుగేస్తుందోనని కేకెయ్యలేదు. పక్కనుంచి పోయి రెక్క గట్టిగా పట్టుకున్నాను. చీరంతా చెమటకు తడిసిపోయింది.

“ముందర ఏముండాది పాపా?”

“ఏంల్యా అత్తా. కంపచెట్లు.”

“నీళ్ళ వాసన వస్తాండాది,” అంది. “అందుకే నిలబడినా.”

ఆ తర్వాత ఆమె గడప దాటలేదు. పూటపూటకీ నేనే అన్నం తీసుకుపోయేదాన్ని. సాయంత్రం కాసేపు ఫోనులో ఆ జపాను ఆటే పెట్టేదాన్ని. సంగీతం జోరందుకుంటే ఆయప్ప దగ్గరికొచ్చాడని ఆమెకు తెలిసిపోయి, కాళ్ళు పైకి లాక్కునేది. నవ్వేది కూడా. రాత్రికి మా ఇంటికి రమ్మంటే, “ఇంట్లో నాకేం భయం? కండ్లుండే మీరే తట్టుకోని పడతాండారు. పో, పిల్లోళ్ళకు అన్నం పెట్టుకో,” అనేది. నా మనసు కుదుటపడేది. బయటంతా భయపడినా సొంత ఇంట్లో భయం లేకుండా ఉందని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేదాన్ని.

నిన్న జ్ఞాపకార్థ కూటానికని ఇంటికి సున్నం కొట్టించాం. సున్నం కొట్టే ఆయన మంచం జరిపితే గోడ మీద ఒక జిడ్డు గీత కనిపించింది. తలగడ దగ్గర మొదలై, నడుమెత్తున, వీధి తలుపుదాకా తిన్నగా పోయింది. రోజూ చెయ్యి ఆనించి నడిచిన దారి. చూసి ముచ్చటపడ్డాను.

“అక్కా, ఇట్ల రా,” అని ఆయన వెనక గదిలోంచి పిలిచాడు. పాత సామాన్లు వేసే గది అది, నేనెప్పుడూ అటు పోయేదాన్ని కాదు. ఆయన బయటికి జరిపిన డ్రమ్ము వెనక మూలంతా అరచేతుల ముద్రలే. రెండు గోడల మీదా, పైకీ కిందికీ, ఒకదాని మీద ఒకటి. మధ్యమధ్య సున్నం మీద గోళ్ళతో గీరిన చారలు. తలుపు ఎటుందో తెలియక ఆ మూలలో ఎన్నిసార్లు తిరిగిందో. మాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

“కొట్టేదా అక్కా?” అని ఆయన బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు. నేను కింద కూర్చుని చూశాను. కొన్ని ముద్రలు నేలకు జానెడు ఎత్తులోనే ఉన్నాయి.