మొన కొట్టిన నత్తలు

బస్తరు సంస్థానంలో రాజుగారి కంటే బేగారి పెద్దది. రాజుగారు జగదల్‌పూర్‌లోనే ఉండేవారు. బేగారి వెట్టి మాత్రం ప్రతి గుడిసె ముందుకీ వచ్చేది. ఏ అధికారి వచ్చినా ఆయన పెట్టెలూ పరుపులూ ఊరివాళ్లే కూలి లేకుండా మొయ్యాలి. ఆ చలికాలం మద్దేడు దగ్గర గుడారం వేసిన దొర పులుల కోసం రాలేదు, పన్నుల కోసమూ రాలేదు. నత్తల కోసం వచ్చాడు.

ఊరంతా నవ్వింది. పొజ్జే ఒక్కదానికే నవ్వు రాలేదు. దొరగారి సీసాల పెట్టె దూరాన ఉన్న గీదం దాకా మొయ్యడానికి క్యాంపు జవాను సోమారు ఆమె మొగుడు హుంగాను ఎంచాడు. హుంగా మోకాలు సొరకాయంత వాచి ఉంది. తాటిచెట్టు మీంచి జారాడు. కల్లు దించడానికి ఎక్కినవాడు పైనే రుచి చూశాడు.

"నడిస్తే వాపు దిగుతది" అన్నాడు సోమారు, పెద్ద వైద్యుడిలా.

పొజ్జే తాలిపేరు వాగు ఒడ్డున పుట్టి, నడక సరిగా రాకముందే నత్తలేరిన మనిషి. పెళ్లినాడు హుంగా తాగి ఊరి పెద్ద ఒళ్లో పడుకున్నప్పటి నుంచీ ఆ ఇంటి తరఫున మాట్లాడేది ఆమే. తిన్నగా రామనాథం కొట్టుకు వెళ్లింది. రామనాథం భోపాలపట్నం నుంచి వచ్చి ఉప్పూ బట్టలూ అమ్ముకునే సావుకారి. దొర మాట్లాడే హిందీ ఊళ్లో ఆయనకే అర్థమయ్యేది. అందుకని నత్త పేరెత్తితేనే ముక్కు మూసుకునే ఆ శాకాహారికి దుబాసీ పని పడింది.

"సావుకారీ, దొరకు నత్తలే గదా కావాల? నేను తెస్తా. నా మొగుణ్ణి ఒదిలెయ్యమను."

చలికాలంలో నత్త బురదలోకి దిగి మూత బిగించుకుంటుంది. దొర మనుషులు రోజూ వట్టి చేతులతో తిరిగొస్తున్నారు. దొర వెంటనే సరేనన్నాడు.

"మంచివి తెమ్మంటున్నాడు" అన్నాడు రామనాథం ఎటో చూస్తూ. "ఒక్కటి కూడా పాడవకూడదంట."

పొజ్జే ప్రాణం పెట్టి చేసింది. పొలం బురద తవ్వి తీసింది. మట్టి కక్కేదాకా నీళ్లలో ఉంచింది. కత్తి వెనకభాగంతో ఒక్కో నత్త మొన కొట్టేసింది. మొన కొట్టకపోతే కండ పీల్చడానికి రాదు, మొనతో పెడితే చుట్టాన్ని వెక్కిరించినట్టు. మూతలు ఊడబీకి, గోంగూర, మిరపకాయలు వేసి ఉడికించి, ఆకు దొప్పలో తీసుకెళ్లింది.

దొర దొప్పలోంచి ఒక నత్తను తీసి, మొన తెగిన వైపు తిప్పి చూశాడు. రామనాథం గుడారం వెనక్కి పరిగెత్తాడు.

"ఏంది, కారం ఎక్కువైందా?" అంది పొజ్జే.

దొర నత్తను కోసి గీసిన బొమ్మ ఒకటి తీసి వేలితో చూపిస్తూ మొదలుపెట్టాడు. రామనాథం మూతి తుడుచుకుంటూ వచ్చి చెప్పాడు. "తినడానిక్కాదంట, సీసాల్లో దాచి పరీక్ష చెయ్యడానికంట. మొనలోనే కాలేయం ఉంటదంట. ఆడదో మగదో తెలిసేది కూడా అక్కడేనంట. మూతను చూసి ఏ వంశమో చెప్తారంట. నువ్వవన్నీ పీకేశావు."

"మేం పెంట మీద పారేసేదే ఈయనకు కావాలన్నమాట."

"నన్నడగకు. పొద్దున్నుంచి తిన్నదంతా పోయింది నాకు."

"హుంగాను లేపుకురా పో" అన్నాడు సోమారు.

పొజ్జే కదల్లేదు. దొర చెబుతున్నంతసేపూ ఎవరూ హుంగా దగ్గరికి పోరని ఆమెకు తట్టింది. "అడుగు సావుకారీ, ఇంకేముంది?"

దొరకు హుషారొచ్చింది. పొలం నత్తల్లో ఆడా మగా వేరట. చెట్లెక్కే మూతలేని నత్తకు ఒకే ఒంట్లో రెండూ ఉంటాయట. ఆలిచిప్పకు అసలు తలే లేదట. సముద్రంలో ఎనిమిది చేతులదొకటి కూడా వీటి గోత్రమేనట.

"మొగుడూ పెళ్లామూ ఒకటే అయితే బేగారికి ఎవర్ని పట్టుకుపోతారు?" అంది పొజ్జే. "తలలేనిదానికి మాత్రం క్యాంపులో కొలువు దొరుకుతది."

రామనాథం మొదటి మాటే హిందీలో చెప్పాడు. రెండోది సోమారుకు చెప్పకుండానే అర్థమైంది. దొర గట్టిగా నవ్వాడు. ఈసారి మొనతో, మూతతో, ప్రాణంతో తెస్తే హుంగాను వదిలేస్తానన్నాడు. సాయంత్రానికి గంప నిండా తెచ్చింది.

సోమారు ఊరుకోలేదు. "ఇంటికొక మనిషి రావాల. రివాజు."

దొరకు అదీ నచ్చింది. ఈమే వస్తే దారి పొడుగునా నత్తలు దొరుకుతాయి.

పొజ్జే గంపను దొర ముందుకు జరిపింది. హుంగా పడుకుని ఉండటం, తాను నడవటం పెళ్లయినప్పటి నుంచీ ఉన్నదే. "వస్తా. కానీ నెత్తిన పెట్టె ఉంటే మెడ వంగదు. మెడ వంగకపోతే బురదలో నత్త దిగిన బెజ్జం కనపడదు. పెట్టె ఎవరు మొయ్యాల్నో దొర చెప్పాల."

దొర చుట్టూ చూశాడు. రామనాథం కొట్టు తెరవాలని గొణిగి వెళ్లిపోయాడు. తక్కినవాళ్లకు ఎవరి మోత వాళ్లకుంది; ఖాళీగా మిగిలింది సోమారే.

తెల్లారి గీదం దారిలో ముందు పొజ్జే ఊరికే కర్ర ఊపుకుంటూ నడిచింది. వెనక దొర, ఆ వెనక నెత్తిన సీసాల పెట్టెతో సోమారు. పెట్టె దించితే సీసాలు పగులుతాయని దొర దించనివ్వలేదు. తడి మడి కనిపించిన ప్రతిచోటా పొజ్జే ఆగింది.

"ఉన్నాయా లేవా, ఏదో ఒకటి చెప్పు" అన్నాడు సోమారు, మెడ కదపకుండా.

"చూడాల గదా" అని పొజ్జే గట్టు మీద తీరిగ్గా కూర్చుంది.