ముందటి ఎడమ టైరు

జగిత్యాల్లో మా ఇంటి ముందు కారు కడుగుతూ ముందటి ఎడమ టైరు మీద చెయ్యి పెట్టినప్పుడు నాకు మొదటిసారి తెలిసింది. లోపలి అంచు నున్నగా అయిపోయింది. బయటి అంచులో గాడులు ఇంకా కొత్తవాటిలాగే ఉన్నాయి. అరచేతిని లోపలి నుంచి బయటికి జరిపితే మెత్తగా జారింది. బయటి నుంచి లోపలికి జరిపితే రంపం పళ్ళలా గుచ్చుకుంది. అలా ఉందంటే చక్రం నేరుగా నడవడం లేదు, కొద్దిగా పక్కకు తిరిగి రోడ్డును రాసుకుంటూ పోతోందని అర్థం.

ఇవి నాకు బాగా తెలిసిన సంగతులు. వయసంతా గల్ఫ్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా పనిచేశాను. తిరిగొచ్చాక సొంత కారు కొనుక్కుని కిరాయికి తిప్పుకుంటున్నాను. మా వాడకట్టులో ఎవరి టైరు అరిగినా నన్నే పిలిచి చూపించేవాళ్ళు. నడుమ అరిగితే గాలి ఎక్కువైంది, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైంది, అక్కడక్కడ గుంతలు పడితే షాకబ్జార్బర్లు పోయాయి, ఒకే పక్క అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాల వరుస, తప్పింది. బండి ఎక్కకుండానే చెప్పేవాణ్ణి. ఆ మాటకు నలుగురూ తలాడిస్తుంటే లోపల సంతోషంగా ఉండేది.

మా ఊళ్ళోనే ఉన్న అలైన్‌మెంట్ దుకాణానికి తీసుకుపోయాను. అతను కారును పైకెక్కించి, చక్రాలకు పట్టీలు బిగించి, తెర మీద చూపించాడు. ఎడమ చక్రం దగ్గర ఎర్రగా ఉంది. కింద దూరి చూసి, "అన్నా, టై రాడ్ జెర వంగింది. ఏడనన్న గట్టిగ తాకిందా?" అన్నాడు. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రాన్ని అటూ ఇటూ తోసే కడ్డీ అది.

"ఏడ తాకుతది. రోడ్లే గట్లున్నయ్" అన్నాను.

కడ్డీ మార్చి, చక్రం సరిచేసి పంపాడు. కొన్నాళ్ళు బాగానే ఉంది. ఆ తర్వాత మళ్ళీ స్టీరింగ్ ఎడమకు గుంజడం మొదలైంది. మళ్ళీ పోయాను. ఈసారి అతను రిమ్ము మీద వేలు పెట్టి చూపించాడు. "గీతలు సూడు అన్నా. ఇది రోడ్డు పక్క గద్దెలకు రాసుకున్నది. ఎవలన్న నేర్సుకునేటోళ్ళకు ఇత్తున్నవా బండి?"

అక్కడ ఇంకో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. అందరూ నా వైపు చూసినట్టు అనిపించింది.

"నా బండి నేను తప్ప ఎవలు ముట్టరు. నీ మిషనే గలత్ సూపెడుతున్నది" అని గట్టిగా అన్నాను. అతను పట్టీలు విప్పి పక్కన పెట్టాడు. నేను ఆ దుకాణానికి మళ్ళీ పోలేదు.

తర్వాత కోరుట్ల పోయాను. అక్కడ కొత్త మిషన్ వచ్చిందట అని ఇంట్లో చెప్పాను. ఈసారి అడగకముందే నేనే అన్నాను: "సెకండ్ హ్యాండ్ బండి. మొన్ననే కొన్న. ముందుగాల ఎవలు నడిపిండ్రో ఎర్కలేదు." అతను నమ్మాడు. నమ్మి జాలిపడ్డాడు. ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, పక్కనున్న మరో గిరాకీతో నా గురించి చెప్పాడు. "గీ అన్నను మోసం జేసిండ్రు. ఎవడో ఎడమ దిక్కు సూడకుంట నడిపిన బండి అంటగట్టిండ్రు." ఆ గిరాకీ నన్ను ఓదార్చాడు. నేను తలొంచుకుని చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. నా గురించే నా ముందే నిజం చెప్తున్నారు. అది నిజమని వాళ్ళకు తెలియదు. నాకు మాత్రం ఆరోజే కొంత తెలుసు.

మా ఇంటి గేటు దిమ్మెకు కారు రాసుకుంది. ఎడమ అద్దం పగిలింది. రోడ్డు మీద మోటారుసైకిళ్ళు ఎడమ పక్క నుంచి భూమిలోంచి లేచినట్టు ఎదుటికి వచ్చేవి. నడిపేవాళ్ళకు బుద్ధి లేదని తిట్టుకునేవాణ్ణి. గల్ఫ్‌లో స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది కాబట్టి ఆ అలవాటు ఇంకా పోలేదని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. నేను తిరిగొచ్చి చాలా ఏళ్ళయింది. ఆ సాకు ఎవరికీ చెప్పలేదు, చెప్తే నవ్వుతారని నాకే తెలుసు.

మా ఆవిడ కూడా ఆ రోజుల్లోనే వెనుక సీట్లోకి మారింది. ఏసీ గాలి మొహానికి కొట్టి తల నొస్తోందంది. సరే అన్నాను.

చలికాలం పోయాక ఒక కుటుంబాన్ని ముస్తాబాద్‌లో ఫంక్షన్‌కు తీసుకుపోయాను. వాళ్ళు భోజనాలు చేసి వచ్చేలోగా సిరిసిల్ల పోయి అక్కడ అలైన్‌మెంట్ చేయించాను. మూడో ఊరు. ఇక్కడ నా మొహం ఎవరికీ తెలియదన్న ధైర్యంతో పోయాను. ఆ కుటుంబాన్ని ఎక్కించుకుని తిరిగి వచ్చేటప్పుడు ఎడమ చక్రం తారు అంచు దాటి మట్టిలోకి దిగి పెద్ద కుదుపు వచ్చింది. ముందు సీట్లో కూర్చున్న ముసలాయన తలుపు మీది పిడి పట్టుకున్నాడు. "పైలం కొడుకా" అని ఒక్కమాట హెచ్చరించాడు. దారిపొడుగునా ఆ పిడి వదల్లేదు. ఆ కుటుంబం మళ్ళీ నా బండి మాట్లాడుకోలేదు.

ఇదంతా ఎండాకాలంలో, యాసంగి పంట కోతల రోజుల్లో బయటపడింది. మా ఆవిడ అక్కను బోయినపల్లి దగ్గరి ఊరికి ఇచ్చారు. ఆమెకు ఒంట్లో బాగాలేదంటే చూడ్డానికి పోయి, మధ్యాహ్నం తిరిగి బయల్దేరాం. దారిపొడుగునా రోడ్డుకు ఎడమ పక్క వడ్లు ఆరబోసి ఉన్నాయి. బండ్లు ఎక్కకుండా అంచు వెంట రాళ్ళు పేర్చారు. అందరికీ తెలిసిన సంగతే కదా, కొంచెం కుడికి జరిగి పోతారు. నేనూ జరిగాననే అనుకున్నాను.

ముందు చక్రం కింద ధడధడ శబ్దం వచ్చింది. తర్వాత ఏదో పటపటమని విరిగింది. వెనుక నుంచి మా ఆవిడ "ఆపు, ఆపు" అంది. ఆపి అద్దంలో చూశాను. వడ్ల మధ్య నుంచి రెండు చారలు పడ్డాయి. రాళ్ళు చెల్లాచెదురయ్యాయి. ఎండకు అడ్డంగా నిలబెట్టుకున్న నల్లగొడుగు ఒకటి పుల్లలు విరిగి రోడ్డు మీద పడి ఉంది. అప్పటిదాకా దాని కింద కూర్చున్న ముసలామె కాళ్ళతో వడ్లు తిరగేయడానికి అవతలి కొసకు పోయి ఉంది. అందుకే బతికింది.

ఆమె మెల్లగా నా దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు. ఇంకా భయంలోనే ఉంది. "కనవడ్తలేదా కొడుకా?" అంది.

ఆమె తిట్టడానికి అనలేదు. నిజంగానే అడిగింది. దానికి ఏ జవాబూ చెప్పకుండా క్షమించమంటే సరిపోయేది. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"కనవడకేంది? రోడ్డు మీద వడ్లు ఎవలు పొయ్యమన్నరు? రోడ్డు నీ అయ్య జాగనా?"

ఆ మాట తప్పని అంటూనే తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. పొగరుబోతు డ్రైవరని పేరొస్తే ఎవరో ఒకరు బండి మాట్లాడుకుంటారు. చూపు లేని డ్రైవరని పేరొస్తే ఎవరు ఎక్కుతారు? ఆ క్షణంలో నా బుర్రలో నడిచింది ఇదే.

"మల్ల యాడ ఆరబొయ్యాలె నాయినా" అని ముసలామె చిన్నగా అంది.

మా ఆవిడ కారు దిగింది.  రోడ్డు మీద గొంతుక్కూర్చుని చెదిరిన వడ్లను రెండు చేతులతో లోపలికి తోయడం మొదలుపెట్టింది. ముసలామె "నీకెందుకమ్మా, నేను ఎత్తుకుంట" అంది. మా ఆవిడ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"ఆయినకు ఎడమ దిక్కు కనవడది అవ్వా. కావాలని ఎక్కియ్యలే."

ఇంజన్ ఆపి ఉండడంతో ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. ముసలామె తల తిప్పి నన్ను చూసింది. ఇందాక నా తిట్టు విన్నప్పుడు కూడా ఆమె మొహం అట్లా మారలేదు. "అయ్యో, గట్లనా కొడుకా" అంది. ఆమె నన్ను కొట్టినా నాకు అంత తక్కువతనం అనిపించేది కాదేమో.

దిగి చూస్తే ముందటి ఎడమ టైరు కూర్చుండిపోయింది. లోపలి అంచులో రబ్బరు పోయి తీగలు బయటపడ్డ చోట రాయి దిగింది. ఆ తీగలు పొద్దున్నే చూశాను. ఈ వారం గడిస్తే మారుద్దాంలే అనుకున్నాను. జాకీ పెట్టి స్టెప్నీ బిగిస్తుంటే మా ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

"ఎప్పటి సంది ఎర్క నీకు?" అని అడిగాను, చక్రం వైపే చూస్తూ.

"గేటుకు రాసినప్పటి సంది."

"మరెందుకు చెప్పలే?"

"నువ్వే ఎవలకు తెల్వద్దనుకుంటున్నవు. ఇగ నేనెట్ల చెప్తా?"

"గందుకేనా ఎనుకకు కూసున్నది?"

"ముందల కూసుంటే నేనే బండి నడిపినట్టయితుండె. ఊకె కాలుతోని కింద తొక్కీ తొక్కీ పిక్కలు గుంజుతుండె. నీ పక్కన కూసోని బయపడుడు నీకు కనవడద్దనుకున్న."

నట్లు బిగించాను. తర్వాత లేచి ముసలామె దగ్గరికి పోయి, "తప్పయింది అవ్వా" అన్నాను. గొడుగు కొనిస్తానన్నాను. "పొయ్యి సూపెట్టుకో ముందుగాల" అని ఆమె మళ్ళీ వడ్లలోకి పోయింది.

నేను ఇక నడపనన్నాను. మా ఆవిడ అక్క భర్త, అంటే నా షడ్డకుడు, ఫోన్ చేస్తే మోటారుసైకిల్ మీద ఎవరినో వెంటబెట్టుకుని వచ్చి, కారు తను నడిపాడు. "ఏమైంది?" అని అడిగాడు. "తల తిరుగుతాంది" అన్నాను. అప్పుడు కూడా నిజం రాలేదు. మా ఆవిడ కాదనలేదు. జగిత్యాల దాకా ఎడమ సీట్లో కూర్చుని, ఆ పక్కన ఏవేవి పోతున్నాయో మెడ తిప్పి తిప్పి చూశాను. పోతున్న మనుషులు, సైకిళ్ళు, గేదెలు చాలానే ఉన్నాయి.

కంటి దవాఖానలో ఒక మిషన్‌లో గడ్డం పెట్టి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కొంతసేపు చుక్కలేవీ రాలేదు. ఇంకా మొదలుపెట్టలేదనుకుని ఎదురుచూస్తున్నాను. "అయిపోయింది, లేవండి" అంది అక్కడి అమ్మాయి. డాక్టరమ్మ నీటికాసులు అని చెప్పింది. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి తెలియకుండా పక్కచూపు తినేస్తుందట. ఎడమ కన్ను ఎక్కువ పోయింది, కుడిది మొదలైంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి రోజూ కంట్లో మందు చుక్కలు వేసుకోవాలి, బండి నడపకూడదు. లేచి వస్తుంటే ఇంకోమాట చెప్పింది. ఇది ఇంట్లో ఒకరికి ఉంటే తోడబుట్టినవాళ్ళకూ వచ్చే అవకాశం ఉంటుంది, వాళ్ళకు చెప్పండి అని.

నాకు ఒక్కడే తమ్ముడు. వాడూ గల్ఫ్‌లోనే ఉన్నాడు, నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. వాడికి స్టీరింగ్ పట్టడం నేర్పింది నేనే. నేను పక్కన కూర్చుని "అద్దం సూడురా, అద్దం సూడురా" అని నెత్తిన మొట్టికాయలు వేసేవాణ్ణి. వాడికి ఫోన్ చేసి ఈ మాట ఎట్లా చెప్పడం? వాడు ఫోన్ చేసినప్పుడల్లా వానల గురించి, పొలం గురించి మాట్లాడి పెట్టేసేవాణ్ణి. కారు బీర్పూర్ నుంచి వచ్చిన ఒకాయనకు అమ్మేశాను. ఎందుకు అమ్మావని తమ్ముడు అడిగితే, పాతదైందన్నాను.

మా ఆవిడ చాలా రోజులు చూసింది. ఒకరోజు కంట్లో చుక్కలు వేస్తూ, "నీ సిగ్గు కోసం వాని కండ్లు పోవాల్నా?" అంది. కళ్ళు మూసుకుని పడుకున్నవాణ్ణి, ఎటూ తప్పించుకోలేకపోయాను. ఫోన్ తనే కలిపి నా చేతిలో పెట్టింది.

చెప్పాను. వాడు ముందు నవ్వాడు. "నీకా? నీ కండ్లకా?" అన్నాడు. తర్వాత, తోటి డ్రైవర్లతో కలిసి ఉండే రూములోంచి బయటికి వచ్చినట్టున్నాడు, వెనుక మాటల చప్పుడు తగ్గింది. 

"అన్నా, ఈ నడుమ నాకు సుత బండి అద్దాలు గీసుకపోతున్నయ్" అన్నాడు. "వయసయితున్నది గద, గందుకే అనుకున్న. రూముల ఎవలకు చెప్పలే."

"రేపే పొయ్యి సూపెట్టుకో. అప్పటిదాక బండి ముట్టకు."

మరుసటి శుక్రవారం వాడే ఫోన్ చేశాడు. ఒత్తిడి ఎక్కువే ఉందట. కానీ చూపు ఇంకా అంతగా పోలేదట, ముందుగానే వచ్చావు అన్నారట. అద్దాలు గీసుకుపోవడానికి కళ్ళద్దాల నంబరు మారడమే కారణమట. చుక్కలు వేసుకుంటూ, కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని నడపొచ్చన్నారట.

"నువ్వెట్ల కనుక్కున్నవ్ అన్నా?" అని అడిగాడు.

"నేను కనుక్కోలేరా. మీ వదినె కనుక్కున్నది."

రూములో అందరికీ చెప్పానని, ఇంకో ఇద్దరు డ్రైవర్లు కూడా పరీక్ష చేయించుకోవడానికి పోతున్నారని అన్నాడు. వాడికి ఆ మాట చెప్పడం ఎంత తేలికగా వచ్చిందో విని నాకు ఆశ్చర్యం వేసింది. ఇప్పుడు నేను ఎక్కడికి పోయినా బస్సులోనే పోతున్నాను. బస్టాండులో ఎవరైనా కారేదని అడిగితే అమ్మేశాననే చెప్తున్నాను. ఎందుకని అడిగినవాళ్ళకు కారణం కూడా చెప్పాలనే అనుకుంటాను. కొందరికి చెప్పాను. కొందరి దగ్గర చెప్పబోయి, బస్సొచ్చిందని లేచిపోతున్నాను.